సత్యానందం అంకుల్ పాట, నా ఆర్గన్

మా చిన్నప్పుడు... ఆదివారం మధ్యాహ్నం అయిందంటే, దేశం కాని దేశంలో, పెండిల్ హిల్ అనే ఊళ్లో మా ఇల్లంతా హడావుడే. అమ్మ పులిహోర క్యారేజీ సర్దేది. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, కారు దగ్గర నిలబడి అందరినీ తొందరపెట్టేవారు. పొద్దున ఇంగ్లీషువాళ్ల ఆరాధన అయిపోయాక, అదే చర్చి హాలును మా తెలుగు సంఘం అద్దెకి తీసుకునేది.

ఆ హాల్లో ఒక పాత ఎలక్ట్రిక్ ఆర్గన్ ఉండేది. చేతులకి రెండు వరసల మెట్లు, కాళ్లకి పెడల్స్. వాయించేది నేనే... పియానో క్లాసులకి వెళ్లే పిల్ల సంఘంలో ఇంకెవరూ లేరు మరి!

మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ముందు ఆర్గన్ మోగదు. కూర్చున్నవాళ్లలో ఎవరికి పాడాలనిపిస్తే వాళ్లు పాట ఎత్తుతారు. వాళ్లు ఏ శృతిలో ఎత్తితే ఆ శృతి వెతికి పట్టుకుని, వెనకాలే వెళ్లడం నా పని.

అందులో మా సత్యానందం అంకుల్ ఘనుడు. కాకినాడ నుంచి వచ్చి పారమట్టాలో బస్సు నడిపేవారు. గొంతు గంభీరమే... నిలకడే లేదు. పల్లవి ఒక శృతిలో మొదలయ్యేది, మొదటి చరణానికి కాస్త పైకి, ఆనందం ఎక్కువైతే మూడో చరణానికి ఇంకా పైకి!

"అంకుల్, ప్లీజ్... ఒకే కీలో ఉండొచ్చు కదా" అని ఒకసారి బతిమాలాను.

"నేనేం చేసేదమ్మా, పాట అలా లాక్కెళ్లిపోద్ది. నువ్వూ వచ్చెయ్!" అన్నారు నవ్వుతూ.

నాకు ఒళ్లు మండిపోయేది. అయినా చచ్చినట్టు వెళ్లేదాన్ని.

హైస్కూల్లో మా మ్యూజిక్ టీచర్ ఒకరోజు జాజ్ ఆర్గన్ రికార్డు పెట్టారు. పాట పాతదే... కానీ ఆర్గన్ దాన్ని ఎటు తీసుకెళ్తుందో తెలియదు. మిగతావాళ్లంతా దాని వెనక పరుగులు. నాకు పిచ్చి పట్టేసింది.

యూనివర్సిటీలో జాజ్ చదువుతానంటే అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. చివరికి ఒక రాజీకి వచ్చాం. ఆడిషన్‌లో సీటు వస్తే సంగీతం... రాకపోతే మారు మాట్లాడకుండా నాన్నలాగే నర్సింగ్. అప్పటినుంచి ఆడిషన్ పాటని రాత్రీ పగలూ ఒక్కదాన్నే సాధన చేశాను.

ఆ రోజు గదిలో డ్రమ్స్ దగ్గర ఒక కుర్రాడు, శాక్సఫోన్ పట్టుకుని లెక్చరర్, ఆర్గన్ ముందు నేను. లెక్చరర్ పాట పేరు చెప్పి నా వైపు చూశారు. నేను ఆయన వైపు చూశాను. ఒళ్లో చేతులు పెట్టుకుని, వినయంగా... ఆయన పాట ఎత్తుతారు కదా అని!

"వెనెవర్ యూ ఆర్ రెడీ, మేట్" అన్నారాయన.

నేను రెడీయే అన్నట్టు తలూపి మళ్లీ అలాగే కూర్చున్నాను. మొదలుపెట్టాల్సింది నేనేనని నా బుర్రకి తట్టనే లేదు. నలుగురితో కలిసి వాయించేటప్పుడు నేను ముందుగా మొదలుపెట్టింది ఎప్పుడు గనక!

పాపం, ఆయనకి విసుగొచ్చింది. తనకి తోచిన శృతిలో తనే అందుకున్నారు. అది నేను సాధన చేసిన శృతి కాదు. అయినా నా చేతులు వాటంతట అవే వెళ్లి పట్టేసుకున్నాయి. ఆయన కనుబొమ్మలు ఎగరేసి, కావాలనే ఇంకో శృతికి దూకారు. వెనకే వెళ్లాను. మళ్లీ దూకారు... మళ్లీ వెళ్లాను. చివరికి శాక్సఫోన్ నోట్లోంచి తీసి పకపకా నవ్వేశారు. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే ఏం చెప్పను? బస్సు డ్రైవరు అంకుల్ దగ్గర అన్నాను!

సీటు వచ్చింది. కానీ దానితో పాటే ఒక చిక్కూ వచ్చింది. కోర్సు పిల్లల బ్యాండ్ ప్రతి ఆదివారం మధ్యాహ్నం ఒక క్లబ్బులో వాయించాలట... సరిగ్గా మా ఆరాధన వేళకి.

నన్ను ఇంటికి తీసుకెళ్లడానికి రైల్వే స్టేషన్‌కి నాన్న కారు తెచ్చారు. సీటు మాట చెప్పగానే ఆయన ముఖం వెలిగిపోయింది. ఆదివారం సంగతి చెప్పాక, తాళం తిప్పకుండా అలాగే కూర్చుండిపోయారు. సంఘంలో ఆర్గన్ అంటే ఆయనకి ఎంత గర్వమో నాకు తెలుసు. నేను వాయిస్తుంటే వెనక్కి తిరిగి అందరి ముఖాలూ చూసుకునేవారు.

"మరి చర్చిలో ఎవరు ప్లే చేస్తారు నాన్నా?" అని నేనే అడిగాను.

"మాకు గొంతులున్నాయి కదమ్మా. మేం పాడుకుంటాంలే... నువ్వెళ్లు."

కారులోనే ఏడ్చేశాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం నన్ను స్టేషన్‌లో దింపి, అమ్మా నాన్నా అటునుంచి అటే ఆరాధనకి వెళ్లేవారు.

ఆ క్లబ్బుతో మొదలై మెల్‌బోర్న్, అడిలైడ్, ఓడల మీద కచేరీలు... ఇన్నేళ్లుగా ఆర్గన్ వాయించుకుంటూనే హాయిగా బతుకుతున్నాను.

ఇప్పుడు మా సంఘానికి సొంత హాలు ఉంది. గోడకి పెద్ద స్క్రీను, బటన్ నొక్కితే రికార్డు చేసిన ట్రాకు. సంగీతం ముందు వెళ్తుంటే మనుషులు వెనక పాడుతున్నారు. శృతి ఎక్కడా తప్పదు. నాన్నకి మాత్రం నచ్చదు... "అది ఎవరి కోసమూ ఆగదమ్మా" అంటారు.

మీకు ఇష్టమైన దారిలో వెళ్లమని, తమకి ఇష్టమైనది వదులుకున్నవాళ్లు మీ ఇంట్లోనూ ఉండే ఉంటారు... వాళ్ల గురించి కింద రాయండి. మా నాన్నకి చదివి వినిపిస్తాను.