కుండలోకి చూసినవాళ్ళు

మొన్న నవంబరులో మా చెల్లెలి కూతురు వాళ్ళతో కలిసి కారులో అరకు వెళ్ళాను. టీచరుగా నా మొదటి ఉద్యోగం ఆ లోయలోని ఒక చిన్న ఊళ్ళోనే కనుక, ఆ ఊరికి తిరిగే మలుపు దగ్గర కాసేపు బండి ఆపమన్నాను. పొద్దెక్కినా మంచు ఇంకా విడలేదు. వలిసె చేల పసుపు ఆ మంచులోంచి ఉండీ లేనట్టు కనిపిస్తుంటే, నేను చూస్తున్నవి ఇప్పటి చేలో అప్పటి చేలో నాకే తెలియలేదు. మలుపులో నాలుగు సంఘాల బోర్డులు, నాలుగు పక్కలకు చూపిస్తూ నాలుగు బాణం గుర్తులు. "ఇంత ఊరికి ఇన్ని చర్చీలేమిటి పెద్దమ్మా, ఇంటికొకటా?" అని పిల్ల నవ్వింది. నేనూ నవ్వాను గానీ, బండి కదిలాక ఆ బోర్డులు కనుమరుగయ్యేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నాను.

మేమున్న రోజుల్లో ఆ ఊరికి ఒక్కటే గుడి, చర్చిని మేం గుడి అనే అనేవాళ్ళం. మట్టిగోడలు, పెంకుల కప్పు, బయట మిరియాల తీగలు పాకిన సిల్వర్ ఓక్ చెట్లు. అక్కడ కూడే జనం మాత్రం రెండు రకాలు. విజయనగరం వైపునుంచి ఉద్యోగాలకని వచ్చి అక్కడే ఉండిపోయిన పంతుళ్ళు, కాంపౌండరు, రోడ్డు పనివాళ్ళ కుటుంబాలు కిందివాళ్ళం. గంటన్నర కొండెక్కితే వచ్చే ఊరినుంచి ఆనపబుర్రలో అంబలి పట్టుకుని దిగివచ్చి వసారాలో కూర్చునేవాళ్ళు పైవాళ్ళు. వాళ్ళలో వాళ్ళు వాళ్ళ భాషే మాట్లాడుకున్నా పాటలు మాత్రం మాతోపాటు తెలుగులోనే పాడేవారు, అదీ మాకన్నా నిదానంగా, చివరి అక్షరాన్ని లాగి లాగి, వింటుంటే కళ్ళు మూతలు పడేలాగ. మా పాస్టరు అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టాక ఆ మూతలు మరింత గట్టిగా పడేవని ఇప్పుడు ఒప్పుకుంటే తప్పులేదనుకుంటాను. సంఘ పెద్దలు ముగ్గురూ కిందివాళ్ళే. అది మాలో ఎవరికీ వింతగా తోచలేదు.

నా ఈడువాళ్ళకు పిడికెడు బియ్యం సంగతి చెప్పనక్కర్లేదు. పూటపూటా ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేసి, ఆదివారం గుడికి పట్టుకెళ్ళేవాళ్ళం. పైవాళ్ళు అక్కడ చోళ్ళనే రాగులో, సామలో తెచ్చేవారు. నెలకోసారి ఆరాధన అయ్యాక, సంఘంలోని విధవరాండ్రను పేరుపేరునా పిలిచి, కుంచంతో కొలిచి కొంగులో పోయడం అలవాటు. మా పెద్ద మాస్టారు, అంటే బడికీ పెద్ద, సంఘానికీ పెద్ద అయిన ఆయన, నా గొంతు బాగా వినబడుతుందని పేర్లు పిలిచే పని నాకు అప్పగించారు. ఇరవై రెండేళ్ళ పిల్లకు అంతమంది ముందు కాగితం పట్టుకుని నిలబడడమంటే మాటలా, ఆ ఆదివారాలు నా కాళ్ళు నేలమీద ఆనేవి కావు.

పైవాళ్ళలో విధవరాండ్రు నలుగురు. నేను పిలిస్తే ఒక్కరూ లేచేవారు కారు. వసారాలో స్తంభానికి ఆనుకుని కూర్చుని, తలవంచుకుని, నవ్వీ నవ్వనట్టు నవ్వేవారు. మూడు నెలలు పిలిచి చూశాను. సిగ్గేమో అనుకున్నాను, తరవాత అక్కర్లేదేమో అనుకున్నాను. "వాళ్ళకేమమ్మా, అడవినిండా దుంపలే" అన్నారు పెద్ద మాస్టారు. నాలుగో నెల ఆ నాలుగు పేర్లూ నా చేత్తో నేనే కొట్టేశాను. పాపం తగులుతుందేమోనన్న ఆలోచన కూడా రాలేదు. పని తేలికైందనే అనుకున్నాను.

వానలు పట్టాయి. కొండమీద పాత గింజలు అయిపోయి, కొత్త పంట ఇంకా చేతికి రాని రోజులవి. ఒక ఆదివారం పైవాళ్ళు రాలేదు, దారికడ్డంగా పారే గెడ్డ పొంగిందేమో అనుకున్నాం. రెండో ఆదివారమూ రాలేదు. వసారా బోసిగా ఉండి, పాట ఎత్తుకుంటే సగంలో తెగిపోయినట్టుండేది. మూడో ఆదివారం వాళ్ళ ఊరి పెద్దాయన ఒక్కడే తడిసి ముద్దయి వచ్చి, లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

"మావోల్లింక రారు అయ్యగారూ. మా పార్దన పాక మేవే ఏసుకుంతాం. మా ముసిలోల్లు మీ కాగితంలో లేరు గదా" అన్నాడు. ఆ నలుగురిలో ఒకామె ఆయన సొంత అక్క. ఇంట్లో గింజ లేక మామిడి టెంకల పిండితో అంబలి కాచుకు తాగి, వాంతులూ విరేచనాలూ పట్టి మంచాన పడిందట. చెబుతూ ఆయన నావైపు చూశాడు. కోపంగా చూసి ఉంటే ఈపాటికి మరిచిపోయేదాన్నేమో.

మర్నాడు పొద్దున్నే కాంపౌండరు మందులతో, అయ్యగారు చేతికర్రతో, వాళ్ళ వెనక నేను కొండెక్కాం. మేఘం మాతోపాటే ఎక్కుతోంది. ముందున్న అయ్యగారు కనిపిస్తూ, మాయమవుతూ, మళ్ళీ కనిపిస్తూ ఉంటే ఆ దారి ఎప్పటికీ తెమలదేమో అనిపించింది, తెమలకపోతే బాగుండుననీ అనిపించింది. ఆమె ముఖం చూడాలంటే నాకు అంత భయం. ఇంట్లో ఆమె చాపమీద ముడుచుకుని ఉంది. పొయ్యి పక్కన కుండ బోర్లించి ఉంది.

పేరు పిలిచినప్పుడు ఎందుకు లేవలేదని అయ్యగారు అడిగితే పెద్దాయన చెప్పాడు. వాళ్ళ ఊళ్ళో గింజ ఇవ్వాలంటే ఇంటికి తెచ్చి, మాట్లాడుతూ మాట్లాడుతూ కుండలో పోసి పోతారట. నలుగురి ముందూ కొంగు పట్టడమంటే నాకు నావాళ్ళెవరూ లేరని చాటుకోవడమేనట. తమ్ముడు బతికుండగా ఆమె ఆ పని ఎలా చేస్తుంది? తమ్ముడి పరువు కోసం ఆమె నవ్వుతూ కూర్చుంది, నేను ఆమె పేరు కొట్టేశాను. నాకు ఏడుపు ఆగలేదు.

మందులు పనిచేశాయి, దేవుని దయ, ఆమె బతికింది. అయితే అయ్యగారు అంతటితో ఊరుకోలేదు. పనసచెట్టు కింద ఊరివాళ్ళందరినీ కూర్చోబెట్టి, బైబిల్లోని మొట్టమొదటి సంఘంలోనూ విధవరాండ్ర కూటి దగ్గరే సణుగు పుట్టిందని, అప్పుడూ ఏడుగురిని ఎన్నుకున్నారని చెప్పి, మీకు నమ్మకమైన ఏడుగురిని మీరే చూపండి అన్నారు. ఆ ఏడుగురూ పైవాళ్ళే, అందులో నలుగురు ఆడవాళ్ళు. గుడి గింజలగది తాళం, కుంచం వాళ్ళ చేతికే ఇచ్చారు. పైవాళ్ళు మళ్ళీ ఆదివారాలు గుడికి దిగిరావడం మొదలుపెట్టారు. మా కిందివాళ్ళలో గొణుగుడు బయల్దేరింది. "అంతా వాళ్ళ చేతుల్లో పెడితే మన ముసలమ్మల గతేటి?" అని ఒక పెద్ద లేచారు. "ఇన్నాళ్ళూ వాళ్ళు అనుకున్న మాట అదే బాబూ" అన్నారు అయ్యగారు.

ఆ ఏడుగురికీ కాగితం లేదు. గంపలు నెత్తిన పెట్టుకుని పైనా కిందా ఇంటింటికీ తిరిగేవారు, లోపలికి వచ్చి కూర్చునేవారు, తిన్నగా వెళ్ళి కుండ మూత తీసి చూసేవారు. మాకు మొదట్లో ఒళ్ళు మండేది, మర్యాద లేదనుకునేవాళ్ళం. అలా చూస్తూ చూస్తూ పెద్ద మాస్టారింటి పెరటి గదిలోకి వెళ్ళారు. అక్కడ వారి వదినగారు ఉండేవారు. భర్త పోయాక మరిది పంచన చేరిన మనిషి, తెల్లచీర మడత నలగకుండా గుడిలో ముందు వరసలో కూర్చునేవారు. ఆవిడ పేరు నా కాగితంలో ఏనాడూ లేదు, పెద్ద మాస్టారి ఇంటి మనిషికి ఏం లోటు అనుకున్నాం. ఆవిడ కుండ ఖాళీ. మూడు రోజులుగా మంచినీళ్ళతో గడుపుతున్నారట. ఆ ఏడుగురూ చోళ్ళు పోసి, పొయ్యి ముట్టించి, అంబలి కాచి తాగించి మరీ వెళ్ళారు.

ఆ వచ్చిన ఆదివారం పెద్ద మాస్టారు వసారాలోకి వెళ్ళి పైవాళ్ళ మధ్య చాపమీద కూర్చున్నారు. కొత్త పాక మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఆయన పెద్దరికం వదులుకోలేదు గానీ పక్కన ఇద్దరు పైవాళ్ళకు చోటిచ్చారు, నేనక్కడ పనిచేసినన్నాళ్ళూ పాత ముగ్గురూ ఈ ఇద్దరూ కలిసే సంఘం నడిపారు.

కొత్త గింజలు వచ్చాక ఒకసారి ఏడుగురితోపాటు నేనూ గంప మోసుకుని కొండమీది పెద్దాయన అక్క ఇంటికి వెళ్ళాను. క్షమించమని అడగాలని దారిపొడుగునా మాటలు కూడబలుక్కున్నాను. నోరు తెరిచేలోపే కాల్చిన మొక్కజొన్న పొత్తు నా చేతిలో పెట్టి, "ఏటి గుంటా అలా సూత్తన్నావు, బేగి తిను, సల్లారిపోద్ది" అంది. ఏడుస్తూనే తిన్నాను.

ఇప్పుడు ఆ కొండమీదికి రోడ్డుంది, రేషను వస్తోంది, పింఛను వస్తోంది. ఎవరూ టెంకల అంబలి తాగనక్కర్లేదు, అందుకు సంతోషమే. మరి ఎవరి కుండలోకి ఎవరూ చూడాల్సిన పనీ లేకపోయింది.

మావారు పోయి రెండేళ్ళయింది. విశాఖలో నేను వెళ్ళే గుడి చాలా పెద్దది, మైకులూ తెరలూ అన్నీ ఉన్నాయి, మనుషులు మంచివాళ్ళే. ఈ వేసవిలో జ్వరంతో మూడు వారాలు మంచం మీదే ఉన్నాను, గుడివాళ్ళెవరికీ తెలియలేదు. లేచి వెళ్ళిన మొదటి ఆదివారం, అవసరంలో ఉన్న విధవరాండ్రు చేతులెత్తండి, మా వాళ్ళు మీ వివరాలు రాసుకుంటారు అని వేదిక మీదినుంచి అడిగారు. కాగితం పట్టుకుని ఒక అమ్మాయి మా వరస దాకా వచ్చింది, ఇరవై రెండేళ్ళుంటాయేమో. నేను తలవంచుకుని నవ్వాను. ఆ అమ్మాయి కూడా నవ్వి ముందుకు వెళ్ళిపోయింది.