పెదనాయన పెరుక్కుపోయిన తలవాకిలి

పోయిన నెల మా మనవరాలు ప్రొద్దుటూరులో కొత్తగా కొన్న ఫ్లాటుకు నన్ను తీసుకుపోయి, హాల్లో సోఫా వెనక గోడకు ఆనించి నిలబెట్టిన పాత చెక్కుడు వాకిలి ఒకటి చూపించింది. తలుపు రెక్కలు, ద్వారబంధం, అడుగున గడప, అన్నీ ఉన్నాయి. వెనక మాత్రం గోడ ఉంది. పాత సామాన్లు అమ్మేవాడి దగ్గర కొన్నదట, వార్నీషు పూయించిందట, పైన చిన్న దీపం కూడా బిగించిందట. "ఎట్లుంది తాతా, ఇంటికొక లుక్కు వచ్చింది కదా?" అని అడిగింది. నేను దగ్గరికి పోయి, కళ్ళద్దాలు సర్దుకుని, ద్వారబంధం మీద ఎడమవైపు చిలక కోసం వెతికాను. చిలక ఉంది. దాని ముక్కు కూడా ఉంది. అంటే అది మాది కాదు. మా వాకిలి మీది ఎడమ చిలకకు ముక్కు ఉండేది కాదు. మా నాన్న చిన్నప్పుడు రాయి విసిరి పగలగొట్టాడు.

తెరవడానికి వీల్లేని తలుపును ఇంట్లో పెట్టుకోవడమేమిటో నాకు అర్థం కాలేదు గానీ, ఆ పిల్లను అనేదేముంది? నా కోపం మా పెదనాయన మీద. ఆయన పోయి చాలా ఏళ్ళయింది, పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదని ఇంట్లో అందరూ అంటారు. బతికి ఉన్నప్పుడేమో పెద్దాయన మీద కోపం తగదన్నారు. ఇక నాకు కోపగించుకోవడానికి వీలు ఎప్పుడు దొరకాలో ఎవరూ చెప్పలేదు.

నా వయసువాళ్ళకు ఆ రోజుల ప్రొద్దుటూరు గుర్తుండే ఉంటుంది. కర్నూలు రాజధానిగా ఉన్న కాలం. నూనె మిల్లులు ఒకటొకటిగా లేస్తున్నాయి, బంగారు అంగళ్ళ వీధి రోజురోజుకూ పక్క సందుల్లోకి పాకుతోంది, నిన్నటిదాకా ఎవరూ అడగని మట్టి మిద్దెలకు గిరాకీ వచ్చి పడింది. మధ్యవర్తులు తెల్లపంచెలు కట్టుకుని, ఎవరింట్లో పెద్దవాళ్ళు మంచం పట్టారో కనుక్కుంటూ వీధులు తిరిగేవాళ్ళు. ఇప్పటి రియల్ ఎస్టేటు బోర్డులు చూసి ముక్కున వేలేసుకునేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. అప్పుడు బోర్డులు లేవు, అంతే తేడా.

ఆ వీధుల్లో ఒకదానిలో మా తాతగారి ఇల్లు ఉండేది. మా అమ్మ ఆ ఇంటి చిన్న కోడలు. చెక్కుడు వాకిట్లోంచి, దాని కింద రెండు జానల మందాన ఉన్న చండ్ర మాను గడప మీదుగా కుడికాలు పెట్టి కాపురానికి వచ్చింది. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు ఇల్లు మా పెదనాయనకు పోయింది, జమ్మలమడుగు వైపు పౌరోహిత్యం మా నాన్నకు వచ్చింది. పౌరోహిత్యంలో కప్పు ఉండదు, గోడలు ఉండవు అని ఆ పంపకం చేసిన పెద్దమనుషులకు తెలియదని నేను అనుకోను. మా అమ్మ రెండు ట్రంకు పెట్టెలతో అదే గడప దాటి బయటికి వచ్చింది. ఆ రోజు పొద్దున కూడా ఆ గడపకు పసుపు తనే పూసిందట. పూసిన పసుపు ఆరకముందే దాటాల్సి వచ్చిందని చెప్పేది. జమ్మలమడుగులో పద్నాలుగేళ్ళు బాడుగ ఇళ్ళలో ఉన్నాము. మా అమ్మ పూసిన ప్రతి గడపా ఇంకొకరిది. నాన్న పోయాక ఆమె నన్ను అడిగింది ఒక్కటే: ఎప్పటికైనా ఆ ప్రొద్దుటూరు ఇల్లు అమ్మకానికి వస్తే, ఆ వాకిట్లోంచి మళ్ళీ లోపలికి పోవాలని.

అది నిజంగానే అమ్మకానికి వచ్చింది. పెదనాయన అల్లుడు పులివెందులలో స్థిరపడ్డాడు, పెదనాయన కూడా అక్కడే ఇల్లు కట్టుకుంటున్నాడు. నేను అప్పటికి బోర్డు హైస్కూలులో టీచరును, ప్రొద్దుటూరుకే బదిలీ అయి ఏడాది. నూనె మిల్లు ఆసామి ఒకాయన ఎక్కువ ఇస్తానన్నా, తమ్ముడి భార్య కదా అని మాకే ఇస్తున్నట్టు పెదనాయన ఊరంతా చెప్పుకున్నాడు. ఆ మాట మా దాకా రోజుకొకరి నోటి మీదుగా వచ్చేది. మా అమ్మ తన నగలు, నేను నా భవిష్యత్తు అమ్ముకుని కొన్నాము. ఆయన మాత్రం దానం చేసినవాడి మొహం పెట్టుకుని తిరిగాడు.

ఇప్పుడు మేము చేసిన తప్పు చెప్పాలి. మా సీమలో కలప కరువు. అందుకని ఇల్లు అమ్మేటప్పుడు దస్తావేజులో గోడలు, నేల రాస్తే చాలదు. తలుపులు, ద్వారబంధాలు, దూలాలు, వాటి మీద పరిచే దంతెలు పేరుపేరునా రాయాలి. రాయనిది అమ్మినవాడిదే. దస్తావేజులు రాసే ఆయన చిత్తు ప్రతి చదివి వినిపించడానికి ఆ ఇంటి వసారాకే వచ్చాడు. పెదనాయన మంచం మీద కూర్చున్నాడు, నేను కింద చాప మీద, అమ్మ నడవలో తలుపు చాటున.

"సామీ, ఈ పక్క మాను దొరకదు. తలుపులు, వాకిండ్లు లెక్కబెట్టి రాసుకోండి. రేపు నన్ననొద్దు" అన్నాడు ఆ రాసే ఆయన.

అమ్మ నన్ను లోపలికి పిలిచింది. "బావగారి ఎదురుగ్గా తలుపులు లెక్కబెట్టిస్తే బాగుంటాదా నాయనా? మనమేమైనా పరాయివాళ్ళమా? వద్దని చెప్పు" అంది గుసగుసగా. నేను బయటికి వచ్చి వద్దన్నాను. పెదనాయన ఆ మాట విని తల ఊపాడు. ఎంత మర్యాదగా ఊపాడంటే, ఆ తల ఊపుడు ఇప్పటికీ నాకు కలలోకి వస్తుంది.

వాళ్ళు ఖాళీ చేసిపోయాక, దసరా సెలవులన్నీ నేను ఆ ఇంటికే పెట్టాను. చేతులు బొబ్బలెక్కేదాకా సున్నం కొట్టాను, సున్నంలో నీలిమందు కలిపి నడవకు వేశాను, గూళ్ళ చుట్టూ ఎర్రమన్నుతో అంచులు దిద్దాను. మిద్దె మీద వాన కారకుండా చౌడు మన్ను కొత్తగా పోయించాను. నేలకు కడప నల్లబండలు పరచడానికి ఎర్రగుంట్ల నుంచి ఒక సాయిబు వచ్చాడు; ఒక్కొక్క బండను చేత్తో తట్టి, చెవి పెట్టి విని, పగులుంటే పక్కన పెట్టేవాడు. చెక్కుడు వాకిలికి మాత్రం ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. నువ్వుల నూనె గుడ్డతో నేనే తుడిచాను. ముక్కు లేని చిలకను మరీ జాగ్రత్తగా తుడిచాను. ఎవరి కోసం తుడుస్తున్నానో నాకు తెలియదు అప్పుడు.

గృహప్రవేశానికి రెండు రోజుల ముందు పెదనాయన బడి దగ్గరికి మనిషిని పంపి, అటక మీద రెండు కుండలు మరిచిపోయాము, తాళంచెవి ఇమ్మన్నాడు. ఇచ్చాను. మా అమ్మను తీసుకురావడానికి జమ్మలమడుగు పోయాను.

ముహూర్తం రోజు పొద్దున బండి దిగేసరికి ఇంటి ముందు జనం. గోడ మధ్యలో నిలువెత్తు కంత. రాళ్ళు, మన్ను కింద రాలి ఉన్నాయి, నేను కొట్టిన సున్నం పెళ్ళలు పెళ్ళలుగా. వాకిలి లేదు, రెక్కలు లేవు, గడప లేదు. గడప ఉన్నచోట గుంట. రెండు ఎద్దులబండ్లు వచ్చాయని, పెదనాయన దగ్గరుండి ఊడబెరికించి పులివెందులకు తోలించాడని ఎదురింటివాళ్ళు చెప్పారు. ఆపలేదా అంటే, ఆయన ఇల్లే కదా అనుకున్నామన్నారు. ఆ ఎదురింటివాళ్ళ ఇంట్లో నేను ఆ తర్వాత మంచినీళ్ళు కూడా తాగలేదు.

అమ్మ చేతిలో పాలగిన్నె ఉంది. ఆ గుంటలోకి చూస్తూ నిలబడింది. పురోహితుడు ముహూర్తం దాటిపోతుందంటాడు, గడప లేకుండా గడప పూజ ఎట్లా అంటాడు. పెరటి తలుపు నుంచి పోదామని ఎవరో సలహా ఇచ్చారు. అమ్మ కదలలేదు. అంతమందిలో ఆమె ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం. నాన్న పోయినప్పుడు కూడా లోపలికి పోయి ఏడ్చింది.

పని మిగిలిందని వచ్చిన సాయిబు జనాన్ని తోసుకుని ముందుకు వచ్చాడు. "అమ్మా, ఏడవాకండి. వాకిలి పోతే పోనీ, గడప నేనేస్తా" అని, మిగిలిపోయిన బండల్లోంచి నాలుగడుగులది ఒకటి ఏరి, అలవాటుగా తట్టి విని, ఇద్దరి సాయంతో మోసుకొచ్చి ఆ గుంట మీద పరిచాడు. మన్ను మెత్తి, చేత్తో తుడిచి, "ఈ బండను ఎవుడూ చంకన బెట్టుకోని పోలేడు, కాలు బెట్టండమ్మా" అన్నాడు. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, దానికి పసుపు పూసి, కుంకుమ పెట్టి, కుడికాలు పెట్టి లోపలికి పోయింది. పోయింది నిజమే. అయితే ఆమె పోవాలనుకున్నది ఆ కంతలోంచి కాదు.

మరుసటి ఆదివారం ముద్దనూరు మీదుగా బస్సెక్కి పులివెందుల పోయాను. పెద్దమ్మ నన్ను అరుగు మీదే కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. లోపలికి రమ్మని ఒక్కమాట అనలేదు, అదీ గుర్తుంది నాకు. కొత్తింటి వాకిలి చిన్నది. మా చెక్కుడు పని అందులో పట్టలేదని రంపంతో కోయించారు. ఒక చిలక పూర్తిగా పోయింది, ముక్కు లేనిది. గడపకు ఆ ఇంట్లో అవసరం రాలేదు, వాళ్ళకు కొత్త గడప ఉంది. మా చండ్ర మాను గడప పెరట్లో నీళ్ళ బానల కింద పడుంది, తడిసి నల్లబడి.

పెదనాయన బయటికి వచ్చి నా మొహం చూశాడు. "ఏందిరా అట్ల జూస్తాండావు? ఇల్లు రాసిచ్చినా, వాకిలి రాసిచ్చినానా? కాయితంలో యాడుందో చూపించు."

"మా అమ్మ మన ఇంటి కోడలిగా వచ్చింది ఆ వాకిట్లోంచే కదా పెదనాయనా."

"వచ్చింది, పోయింది గూడా. ఒక మనిషి ఎన్ని తూర్లు వస్తాదిరా?"

నేను మజ్జిగ గ్లాసు అరుగు మీద పెట్టి లేచి వచ్చేశాను. తాగలేదు. బస్సు దొరక్క వేంపల్లె రోడ్డు దాకా నడిచానని, చెప్పు తెగిందని, ఆ తెగిన చెప్పును కూడా ఆయన ఖాతాలోనే వేసుకున్నానని చెప్తే మీరు నవ్వుతారు. నవ్వండి.

ఇంటికి వచ్చాక అమ్మ అడిగింది, వాకిలి ఎట్లా ఉందని. వీధిలోకి నిండుగా కనపడుతోందని, చిలకలకు రంగు వేయించారని అబద్ధం చెప్పాను. "పోనీలే, తెరిచి మూసేచోటే ఉంది కదా" అంది. గడప సంగతి అడుగుతుందేమోనని భయపడ్డాను. అడగలేదు. బతికినన్నాళ్ళూ ఆ బండకే పసుపు పూసింది. నల్లబండ మీద పసుపు నిలవదు, చెరిగిపోతుంది. అందుకని రోజుకు రెండుసార్లు పూసేది.

పెదనాయన చావుకు నేను పోలేదు. దాని గురించి మా బంధువులు ఇప్పటికీ మాట్లాడుకుంటారని తెలుసు. మాట్లాడుకోనివ్వండి.

అమ్మ పోయిన కొన్నేళ్ళకు ఆ ఇల్లు నేనూ అమ్మేశాను. కొన్నది ఒక కుర్ర గుమాస్తా, తల్లితో కలిసి వచ్చి చూసుకున్నాడు. దస్తావేజు నేనే దగ్గరుండి రాయించాను: తలుపులు ఇన్ని, కిటికీలు ఇన్ని, దూలాలు ఇన్ని, ఒక్క గొళ్ళెం కూడా వదలకుండా. ఇంత నిక్కచ్చిగా రాయించే అమ్మకందారును తాను చూడలేదని ఆ రాసేవాడు మెచ్చుకున్నాడు. బండ గడప మాత్రం అందులో లేదు. ఎవరూ చంకన పెట్టుకుని పోలేరని సాయిబు అన్న ఆ బండను, వాళ్ళు చేరడానికి ముందు రోజు, నలుగురు కూలీలను పెట్టి తవ్వించి తెచ్చుకున్నాను. నాది వేరే సంగతి. అది మా అమ్మ పసుపు పూసిన బండ, మా వాకిలికి బదులుగా మాకు మిగిలిన ఒకే ఒక్కటి. ఎవరు అడిగినా ఇదే చెప్తాను.

ఆ బండ ఇప్పుడు నేనుండే ఫ్లాటు బాల్కనీలో తులసి కుండీ కింద ఉంది. లోపల ఎక్కడా గడపలు లేవు. ఒకటే టైల్సు, హాలు ఎక్కడ ఆగిందో వంటిల్లు ఎక్కడ మొదలైందో కాళ్ళకు తెలియదు. మనం ఒక ఇంట్లోకి వస్తున్నామని, ఒక ఇంట్లోంచి పోతున్నామని తెలిపేందుకు కాలెత్తి దాటాల్సినది ఏదీ మిగల్లేదు. నెల తిరిగేలోగా అమ్మేస్తారు, కొనేస్తారు, చేతికి తాళంచెవి తప్ప ఏమీ తగలదు. గడపలు లేకపోతే వాటిని ఊడబెరుక్కుపోయేవాళ్ళూ ఉండరు కదా అని మా మనవరాలు అంటుంది. నిజమే కావచ్చు.

మొన్న దాని ఫ్లాటు నుంచి వచ్చినప్పటి నుంచి నాకు ఒకటే గుర్తొస్తోంది. ఆ గుమాస్తా గృహప్రవేశం రోజు నేను ఎదురంగట్లో ఏదో కొనే నెపంతో నిలబడి చూశాను. వాళ్ళమ్మ పాలగిన్నెతో వచ్చి, ఆ గుంట దగ్గర ఆగింది. కాసేపు కిందికి చూసింది. తర్వాత చీర కొంచెం ఎత్తి పట్టుకుని, కుడికాలు ముందు పెట్టి, గుంట మీదుగా దాటి లోపలికి పోయింది. ఆమె పేరు నాకు తెలియదు. ఆమె కొడుకుకు మాత్రం నా పేరు బాగా గుర్తుండి ఉంటుంది.