ముందు మూల

భీమేశ్వరరావు గారు ముందు ఓ మూల పరీక్షించకుండా లోకంలో దేన్నీ నమ్మరు. ఢిల్లీ మ్యూజియంలో పాత చిత్రాల మురికి తీయడం ఆయన ఉద్యోగం కాబట్టి అక్కడ ఈ చాదస్తం చెల్లుతుంది. ఏ ద్రావకమైనా ముందు ఫ్రేము కింద దాగే మూల మీద చుక్క వేసి, రంగు కరగదని తేలాకే మిగతా పని. కానీ ఆయన సాంబారును కూడా అంచున ఒక్క మెతుకు ముంచి చూశాకే కలుపుకుంటారు. మంగలిని కూడా ముందు చెవి వెనక కత్తిరించి చూపించమంటారు.

"బాగా లేకపోతే, సర్?" అనడిగింది కొత్తగా చేరిన శరణ్య.

"చెవి వెనకే కదమ్మా. ఎవరికి కనబడుతుంది?"

శరణ్య ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది. ఆయన సరేనంటేనే ఉద్యోగం ఖాయం. ఆమెకు పొగచూరిన ఓ ముత్తయిదువ చిత్రం ఇచ్చి, "ముందు మూల" అని చెప్పి ఆయన మీటింగుకి వెళ్లారు. శరణ్య బుద్ధిగా మూలనున్న గోధుమరంగు మీద దూదితో అసిటోన్ ద్రావకం అద్దింది. ఏమీ కాలేదు. ధైర్యంగా బొమ్మ పెదవి తుడిచింది. దూది ఎర్రబడింది.

గుడ్డ కప్పేసి పారిపోదామా అనుకునేలోపే ఆయన వచ్చారు.

"సర్, పెదవి చెరిపేశాను. మూల బాగానే ఉంటే అంతా బాగుంటుందనుకున్నా."

"మూలలో ఎరుపుందా? ఎరుపు సంగతి ఎరుపునే అడగాలి," అంటూ చిత్రాన్ని గుడ్డలో చుట్టి చంకన పెట్టుకున్నారు. "పద, ఇంటికి."

సర్కారు సొత్తు మెట్రోలోనా! శరణ్య ఆయన వెనకే నడిచింది. తనిఖీ దగ్గర గార్డు ఆపాడు.

"యే క్యా హై, అంకుల్?"

"మేరీ పత్నీ."

చంకలో బొమ్మని పట్టుకుని నా భార్య అంటున్నారంటే, తన వల్ల పెద్దాయనకు మతి చలించిందని శరణ్య హడలిపోయింది. దిగాల్సిన వైశాలి స్టేషను వచ్చేదాకా దేవుళ్లందరికీ దండాలు పెట్టుకుంది.

తలుపు తీసింది ఆ చిత్రంలోని ముత్తయిదువే! పేరు అన్నపూర్ణేశ్వరి.

"ఈసారి ఏం పోయింది నాకు?"

"పె... పెదవి, ఆంటీ."

"నయమే. పోయినేడు వచ్చినతను ముక్కు ఊడగొట్టాడు. కాఫీ తాగుతావా?"

శరణ్య కుర్చీలో కూలబడింది.

"కొత్తవాళ్ల చేతికి అసలు బొమ్మ ఎలా ఇస్తానమ్మా?" అన్నారాయన. "చెయ్యి జారితే ఉద్యోగం పోదూ? అందుకే నేనే వేసి, వంటింట్లో పొగ పట్టించి ఇస్తాను. మనుషులకైనా ముందు మూలే."

"మరి నా ఉద్యోగం, సర్?"

"దాచకుండా చెప్పావుగా. నీ రంగు కరగలేదులే. రేపు ఎరుపు మీద అసిటోన్ మాత్రం వద్దు."

కాఫీ వచ్చింది. ఆయన చెంచాతో ఒక్క చుక్క నాలుక మీద వేసుకుని ఆలోచనలో పడ్డారు. అన్నపూర్ణేశ్వరి విసుక్కుంటూ శరణ్య వైపు గ్లాసు జరిపింది.

"ఆంటీ, నాక్కూడా ఓ చెంచా," అంది శరణ్య.