చెట్టు నాటని వాకిలి

మలేషియాలో సుంగై సుమున్ దగ్గర ఒక పామాయిల్ ఎస్టేటు ఉంది. కూలీల వరుస ఇళ్ళను అక్కడ లయం అంటారు. ఆ లయంలో ఏ ఇంటి ముందూ చెట్టు కనిపించదు. మిరప, వంగ, బెండ... ఒక్క కాపు కాసి పోయేవే. చెట్టు వేళ్ళూనితే మనిషీ వేళ్ళూనుతాడని దొరలకు తెలుసు. అందుకే వద్దన్నారు. దొరలు మారారు, కంపెనీలు మారాయి, రబ్బరు పోయి పామాయిల్ వచ్చింది. ఆ మాట మాత్రం మారలేదు.

నరసమ్మ పెళ్ళైన కొత్తలో పెనిమిటి పక్కనున్న కంపోంగ్ నుంచి, అంటే మలాయ్ పల్లె నుంచి, పనస మొక్క తెచ్చి వాకిట్లో పాతాడు. ఎస్టేటు గుమస్తా చూస్తే ఇల్లు ఖాళీ చేయిస్తాడన్న భయంతో నరసమ్మే దాన్ని పీకేసింది. పెనిమిటి పోయి చాలా కాలమైంది. కంపోంగ్ వైపు నుంచి మగ్గిన పనస వాసన వస్తే ఇప్పటికీ ఆమె చేతిలో చీపురు ఆగిపోతుంది.

జిల్లా భూవినియోగ ప్రణాళికలో ఇన్నాళ్ళూ పట్టణాలున్నాయి, కంపోంగులున్నాయి. ఎస్టేటు మనుషులు లేరు. పటంలో లయంతో సహా అంతా ఆకుపచ్చే, అంటే సాగు భూమి. పంట ఉంది, కోసేవాళ్ళు లేరు! ఈసారి ఎస్టేట్లలోని పాత నివాసాలనూ చేరుస్తామని, వచ్చి చెప్పుకోమని ప్రకటన వచ్చింది. చేరిస్తే లయం పసుపు రంగులోకి, అంటే నివాస స్థలంగా మారుతుంది. కంపెనీ రేపు భూమి అమ్ముకున్నా, ఇక్కడ మనుషులున్నారన్న సంగతి చట్టం ఎదుట ఉంటుంది.

లయం తరఫున లారీ డ్రైవరు లోగన్ విచారణకు వెళ్ళొచ్చాడు.

"అక్కడి ఆఫీసరు పైనుంచి తీసిన ఫొటో సూపించినాడు, నరసమ్మత్తా. కంపోంగ్‌లో ముసలి సెట్లున్నాయి, పాత ఊరని తెలుస్తాంది, మీ కాడ ఒక్కటీ లేదేటని అడిగినాడు. శుక్రవారం వచ్చి సూస్తాడట."

మర్నాడే, నరసమ్మను అక్క వరసన అప్పా అని పిలిచే పక్కింటి పోలయ్య వ్యాను నిండా మొక్కలు దించాడు. మనిషెత్తు రంబుతాన్, మామిడి, పనస.

"ఏటిరా ఇది?" అంది నరసమ్మ.

"నర్సరీలో పెద్దవే దొరికినాయి అప్పా. పాతేద్దాం. తాతల నాటి సెట్లంటే ఆడికేటి తెలుస్తాది లా!" మలాయ్ మాటల అలవాటుతో చివర "లా" తగిలించాడు పోలయ్య.

"కొత్త మన్ను కనబడదేటి?"

"నువ్వు ఊడ్సీ. ఊడవడంలో నిన్ను మించినోళ్ళు లేరు గదా!"

నరసమ్మ నవ్వింది. పనస ఆకొకటి వేళ్ళ మధ్య పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"నా వాకిట్లో వద్దురా. మమ్మల్ని నాటనియ్యలేదని సెప్పాల. నాటేసి ఏటని సెప్తాను?"

పోలయ్య గొణుక్కుంటూ మొక్కలన్నీ మళ్ళీ వ్యానెక్కించాడు.

శుక్రవారం అధికారి వచ్చాడు. నరసమ్మ మలాయ్‌లోనే సూటిగా చెప్పింది. మేం నిన్న మొన్న వచ్చిన వాళ్ళం కాదు. మా అమ్మ ఈ ఇంట్లోనే కన్నుమూసింది, నా పిల్లలు ఇక్కడే పుట్టారు. నాటనివ్వలేదు కనకే చెట్లు లేవు. ఇళ్ళవాళ్ళందరూ వరసగా అదే మాట చెప్పారు. అతను తలెత్తకుండా రాసుకున్నాడు. ఫొటోలో కనబడని పాతదనాన్ని పటంలో ఎలా చూపాలో తనకూ తెలియదని, కానీ పైకి రాస్తానని అన్నాడు.

అతను వెళ్ళబోతుంటే ఆమె అడిగింది.

"అయితే ఇప్పుడు ఒక పనస నాటుకోవచ్చా?"

"ఆమోదం వచ్చేదాకా ఆగండి, మక్‌చిక్," అన్నాడు. అక్కడ పెద్దావిడను అలాగే పిలుస్తారు.

కారు మలుపు తిరగగానే పోలయ్య అందుకున్నాడు.

"సూసినావా! ఈ వయసులో ఇంకెన్నాళ్ళు ఆగుతావప్పా?"

"ఆగమన్నాడు గానీ వద్దనలేదు గదరా."

ఆ ఆమోదం ఇంకా రాలేదు. ఏ బల్ల మీద ఆగిందో అడగడానికి లోగన్ మళ్ళీ వెళ్తున్నాడు. ఈసారి లారీలో అతని పక్క సీటు తనదేనని నరసమ్మ ముందే చెప్పేసింది.