జవాను పేరు మీద నేను చేసిన బోణీ

నా చెయ్యి మంచిదని పలాస బజారులో ఒక నమ్మకం. వినాయక చవితి చందా అయినా, అన్నదానమైనా పుస్తకంలో మొదటి పేరు నాదే రాయించుకుని వెళతారు. ఆ పేరు చూపిస్తే మిగతా జీడిపప్పు కొట్లవాళ్లు మారు మాట్లాడరు. ఈ గౌరవం నాకు బాగానే తలకెక్కింది, దాచడమెందుకు.

మందస దగ్గరి పల్లెకు చెందిన ఒక జవాను ఉద్యోగంలో ఉండగానే మంచుకొండల్లో జబ్బు చేసి చనిపోయాడు. శవపేటిక వచ్చిన రోజు బజారంతా మూసేశాం. వారం తిరక్కుండా నలుగురు మనుషులు అతని ఫోటో, రసీదు పుస్తకం పట్టుకుని నా కొట్టుకొచ్చారు.

"ఆ కుటుంబానికి సాయం బాబూ. మీ సేత్తో మొదలెట్టండి" అన్నారు.

మీరెవరు, ఆ ఇంటివాళ్లకు ఈ సంగతి తెలుసా అని నేను అడగలేదు. కూలి రూపాయి పెంచమంటే గంటసేపు వాదించే మనిషిని. చనిపోయిన జవాను బొమ్మ ముందు ఆరాలు తీయడం తప్పనిపించింది. పెద్ద మొత్తమే రాశాను. సాయంత్రానికి బజారంతా నా పేరు కింద రాసింది.

ఆరు నెలల తర్వాత మా షెడ్డులో జీడిపిక్కలు కొట్టే పనికి ఒకామె చేరింది. పిక్క తొక్కలోని జీడి రసం అంటుకుని వేళ్లు నల్లబడి, తోలు ఊడుతున్నా నోరెత్తేది కాదు. పని రిజిస్టరులో చూస్తే ఆమె ఊరు, భర్త పేరు ఆ జవానువే. పక్కకు పిలిచి, చందా డబ్బులు అందలేదా అమ్మా అని అడిగాను.

"నాకెవులూ ఏటీ ఇవ్వనేదు బాబూ. పెన్షన్ కాయితాల్లో నా పేరు తప్పు పడిందట. అది సరయ్యేదాకా పనికొత్తన్నాను" అంది తల వంచుకునే.

రసీదు మీద ఉన్న ఫోన్ నంబరు ఎప్పుడో మూగబోయింది. టెక్కలిలో ఉండే నా చిన్ననాటి స్నేహితుడు, రిటైరైన హవల్దారు, విషయం విని నన్ను దులిపేశాడు.

"ఏటి మావా, బస్తా కొనేముందు నాలుగు పిక్కలు కోసి సూత్తావు కదా. ఇక్కడ ఆ ఇంటోల్లని ఒక్క మాట అడగనేకపోనావా?"

ఆమె కాగితాలు పట్టుకుని అతనే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి తిరిగాడు. సైనిక కుటుంబాల కోసం ఏటా లెక్కలు బయటపెట్టే నిధులు ఉన్నాయని, ఇవ్వదలిస్తే వాటికే ఇవ్వమని నాకు చెప్పాడు. ఇప్పుడు అలాగే ఇస్తున్నాను. కానీ నా పేరు చూసి ఇచ్చినవాళ్లకు ఏం చెప్పను? సిగ్గుతో చచ్చిపోయాను.

ఒకరోజు ఆమెతో, మీ ఇంటికొచ్చి మీ అత్తగారికి నిజం చెప్పి క్షమాపణ అడుగుతానన్నాను. అంతవరకూ నెమ్మదిగా ఉన్న మనిషి భయపడిపోయింది.

"వద్దు బాబూ. కొడుకు పేరు సెప్పి పలాసంతా సందాలేసుకుందని మా అత్త ఇన్నాది. ఆ మాట మీదే బతుకుతంది. నేను తెచ్చే కూలే ఆ సందా డబ్బులనుకుంటంది. డయాలసిస్‌కి ఆటో ఎక్కినప్పుడల్లా, నా కొడుకే నన్ను తీసికెల్తన్నాడే అంటది."

ఆ శనివారం గుమాస్తాను పక్కకు జరగమని ఆమె కూలి నేనే ఇచ్చాను. పైన ఇంకో రెండు నోట్లు పెట్టాను. ఆమె తన నల్లబడ్డ వేళ్లతో కూలి వరకే తీసుకుని, మిగిలినవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.