తీయని రక్తం

ఈ మాటను ఏళ్లుగా లోపల పెట్టుకుని తిరుగుతున్నాను. మా ఆయనకు చెప్పలేదు. నాతో పనిచేసేవాళ్లకూ చెప్పలేదు. నేనెవరో మీకు తెలియదు కాబట్టి చెప్పగలనేమో.

బోధన్ పక్కన చెరుకు ఊళ్లలో నేను పశువైద్య సహాయకురాలిని. అప్పట్లో బర్రెల మందలకు బ్రూసెల్లా ఉందో లేదో చూసే పని మా మీద పడింది. ఆ రోగముంటే చూడి బర్రెలు ఈసుకుపోతాయి, అంటే నెలలు నిండకముందే దూడ పడిపోతుంది. మనుషులకూ అంటుతుంది. మందలో ప్రతి బర్రె రక్తమూ తీసి నిజామాబాద్ పంపాలి. ఒక్కదాన్ని వదిలేసినా ఆ మందకు రోగం లేదని చెప్పడానికి వీల్లేదు. ఇది నాకు తెలియక కాదు.

రుద్రూర్ దారిలో గంగవ్వ మంద ఉండేది. భర్త పోయాక ఆమె, కొడుకు సాయిలు కలిసి సాకేవారు. ఆ సాయంత్రం అన్నిటి రక్తమూ తీశాను. పెద్ద కొమ్ముల బర్రె ఒక్కటి మాత్రం దగ్గరికి రానివ్వలేదు. సాయిలు తాడు బిగబట్టినా తల విసిరి నన్ను గోడకు నెట్టింది.

“గీ దాన్ని మంచిగ సూడు బిడ్డా. నిరుడు ఈసుకపోయింది,” అంది గంగవ్వ.

సరేనన్నాను. తల్లీకొడుకులు కుడితి తేవడానికి లోపలికి వెళ్లారు. రోడ్డు మీద మా జీపు హారన్ కొడుతోంది. పక్కన నెమరేస్తున్న సాధు బర్రె మెడ నుంచే ఇంకో సీసా నింపి, దాని మీద కొమ్ముల బర్రె నంబరు వేశాను. భయమా? బద్ధకమా? భయమని చెప్పుకుంటే తప్పు కొంచెం చిన్నదవుతుంది, అందుకే ఆ జవాబును నేను నమ్మను.

మందకు రోగం లేదని ఫలితం వచ్చింది. గంగవ్వకు నేనే చెప్పాను. ఆమె ముఖం విప్పారింది.

మరుసటి ఏడు ఆ బర్రె మళ్లీ ఈసుకుపోయింది. చచ్చిన దూడను సాయిలు ఒట్టి చేతులతో లాగాడు. రోగం లేని మంద కదా, ఎందుకు భయపడతాడు? తర్వాత జ్వరం పట్టుకుంది. తగ్గేది, మళ్లీ వచ్చేది. టైఫాయిడ్ అన్నారు, ఇంకేదో అన్నారు. నాకు తెలుసు. ఇవాళ చెప్పేద్దామనుకుంటూ ఆ ఇంటి ముందు నుంచి బండి మీద పోతూ, అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చున్న అతన్ని చూసి, చూడనట్టు తల తిప్పుకునేదాన్ని.

చెరుకు కోతలకు కూడా అతను లేవలేని రోజు వచ్చింది. ఇక ఉండబట్టలేక, బ్రూసెల్లా పరీక్ష చేయించమన్నాను. ఎందుకో మాత్రం చెప్పలేదు. అదేనని తేలింది. మందులతో జ్వరం పోయింది. అప్పటికే రోగం వెన్నులోకి దిగింది. సాయిలు ఇప్పటికీ వంగే నడుస్తాడు. మోపు ఎత్తలేడు.

మందలో ఇంకొన్నిటికీ పాకింది. అమ్మితే ఇంకో ఇంటికి అంటుతుంది. ఉంచుకుంటే వీళ్లకే ప్రమాదం. వేరే కట్టేయడానికి జాగా లేదు. ఏం చేయాలని గంగవ్వ నన్నే అడిగింది.

మొన్న సంతలో కనబడి నా చేయి పట్టుకుంది.

“నువ్వు సెప్పకుంటే నా కొడుకు దక్కకపోవు బిడ్డా. గంత పెద్ద డాక్టర్లకు ఎర్కలేనిది, నీకెట్ల ఎర్కైంది?”

“ఏదో అనుమానమొచ్చింది అవ్వా,” అన్నాను.

నమ్మింది. నన్ను దీవించింది. చేయి వెనక్కి తీసుకోవాలనిపించింది. తీసుకోలేకపోయాను.

ఆమెకు ఎప్పటికైనా చెప్పగలనా? తెలియదు. చెప్పినా సాయిలు నడుం నిలబడదు. ఇక్కడ మాత్రం రాస్తున్నాను. అది అనుమానం కాదు గంగవ్వా. ఆ బర్రె రక్తం నేను తీయనే లేదు.