నేను చదవకుండా దాటేసిన వాక్యం

మొన్న మనవరాలి బడిలో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్లి, వరండాలో నా వంతు కోసం కూర్చుని ఉంటే, రెండో తరగతి గదిలో ఒక పిల్ల వెనకాల నిలబడి, ఈ కాలి మీద నుంచి ఆ కాలి మీదకు మారుతూ పాఠం వింటోంది. పంతులమ్మ చూసి కూడా కూర్చోమనలేదు. మన కాలంలో అయితే ఆ పిల్ల వీపు విమానం మోత మోగేది. నాకు మాత్రం ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నా చేతుల్లో పడిన ఒక పాప గుర్తొచ్చి కళ్లు చెమర్చాయి.

అప్పట్లో మద్దిలపాలెం బస్ డిపో దగ్గర ఒక మేడ మీది గదిలో, పిల్లలకు మాట నేర్పే స్పీచ్ థెరపిస్టుగా చేరాను. తగరపువలస సంతలో పూలమ్ముకునే ఒకావిడ, మూడో తరగతి చదివే కూతుర్ని బస్సులో తీసుకొచ్చేది. ఆవిడకు చదువు రాదు. పాప ఏ సంగతీ చివరిదాకా చెప్పేది కాదు. మాట సగంలో ఉండగానే మనిషి కిటికీ దగ్గర ఉండేది. గోదావరి జిల్లా నుంచి స్టీల్‌ప్లాంటు ఉద్యోగానికి వచ్చిన మా నాన్న పెంపకంలో, చదువంటే బాసింపట్టు వేసుకుని కదలకుండా కూర్చోవడమే కాబట్టి, నేనూ ఆ పాపను చేతులు కట్టించి, నోటి మీద వేలు పెట్టించి కూర్చోబెట్టేదాన్ని. మాట నేర్చుకోవడానికి వచ్చిన పిల్ల నోరు మూయించిన ఘనత నాదే! బడివాళ్లు రిపోర్టు అడిగితే, మొండి పిల్ల, చెప్పిన మాట వినదు, సహకరించదు అని రాసి చేతులు దులుపుకున్నాను.

వారం తిరక్కుండానే ఆవిడ బడివాళ్లిచ్చిన ఉత్తరం తెచ్చి, చదివి పెట్టమని నా చేతికిచ్చింది. నెలాఖరుకల్లా టీసీ తీసుకుపొమ్మని ఉంది. కారణం కింద, థెరపిస్టు రిపోర్టు ప్రకారం అంటూ నా వాక్యమే ఉంది. టీసీ సంగతి చదివాను గానీ నా వాక్యం దాటేసి కింది సంతకానికి వెళ్లిపోయాను. ఆవిడ, బస్సుకి ఇంకా టైముందని వరండాలో కూర్చుని కనకాంబరాలు మాల కట్టసాగింది. పాపను నాలుగు పూలు తెమ్మంది, తెచ్చాక నీళ్లు చల్లమంది, చల్లాక దారం అందించమంది. అలా తిరుగుతూనే ఆ పిల్ల, పొద్దున బస్సులో ఎవరి బుట్టలోంచో కోడి ఎగిరి డ్రైవరు ఒళ్లో పడిన వైనం మొదటి నుంచి చివరిదాకా చెప్పేసింది! గుమ్మంలో నిలబడి విన్న నేను ఇదెలా అని అడిగితే ఆవిడ నవ్వింది.

"రెండు మాటలు ఒక్కపాలి సెప్తే దానికి ఏటీ గుర్తుండదమ్మా. ఒకటి సెప్పి, అది సేసీసినాక ఇంకోటి సెప్తాను."

నేను పుస్తకంలో చదివి పరీక్ష పాసైన సంగతే అది. తర్వాత పిల్లల డాక్టరుకు చూపిస్తే ఏడీహెచ్‌డీ, అంటే మనసూ ఒళ్లూ ఒకచోట నిలవని తీరు అన్నారు. ఇది మొండితనం కాదు, నీ పెంపకం లోపమూ కాదని వివరించినప్పుడు ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను తగరపువలస వెళ్లి, నా రిపోర్టు తప్పని క్లాసు టీచరు ముందు ఒప్పుకుని కొత్తది రాసిచ్చి, ముందు బెంచీలో కూర్చోబెట్టండి, ఒకసారి ఒక్క పనే చెప్పండి, పాఠం మధ్యలో బోర్డు తుడవడానికి లేపండి అని బతిమాలాను. టీచరు ముఖం చిట్లించింది గానీ మూడు నెలలు చూస్తానంది. పాప కుదురుగా కూర్చునే పిల్ల ఎప్పుడూ కాలేదు, కానీ టీసీ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

థెరపీ చివరి రోజున మనసు ఊరుకోక, ఆ ఉత్తరంలో ఒక వాక్యం దాటేశాననీ, అది నేను రాసిందేననీ ఆవిడకు చెప్పేశాను.

"తెలుసమ్మా. మీ కాడికి రాకముందే పాప సదివి ఇనిపించింది. రాసినోలే మార్సాలి గదా అని వచ్చినాం," అంది.

ఇప్పుడు ఏడీహెచ్‌డీ పేరు అందరికీ తెలుసు, బడుల్లో ప్రత్యేకంగా టీచర్లున్నారు, పిల్లలకు మంచి రోజులొచ్చాయి. రిపోర్టులో ఒక్క మాట నచ్చకపోతే మర్నాడే మరో క్లినిక్కు వెళ్లిపోయే తల్లిదండ్రులనూ నేను తప్పుపట్టను. కానీ ఆనాడు ఆ తల్లీకూతుళ్లు కూడా అలాగే వేరే గుమ్మం ఎక్కి ఉంటే, ముప్పై ఏళ్ల ఉద్యోగమంతా నేను అవే వాక్యాలు రాసుకుంటూ గడిపేసేదాన్ని.